తుపాకీ దుర్భిణికి ఏడాది గ్యారంటీ

అమలాపురంలో మా షాపు బోర్డు మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు షాపు పేరువి కావు. కింద రాసిన "ఏడాది గ్యారంటీ" అన్న రెండు మాటలవి. ఆ బోర్డు రాయించిన రోజు నేను పెయింటరు నిచ్చెన పక్కనే నిలబడి, మన అద్దెకే గ్యారంటీ లేదు, ఊళ్లోవాళ్లకి ఏం గ్యారంటీ ఇస్తామని మా ఆయన్ని అడిగాను. ఆయన వినపడనట్టు ఉండి, "ఆ మొదటి అక్షరం ఇంకాస్త లావుగా రాయి బాబూ" అని పెయింటరుతో అన్నారు. ఆయన పద్ధతే అంత. నేను ఎంత గట్టిగా మాట్లాడితే ఆయనకి అంత తక్కువ వినపడుతుంది.

నేను జీతాల ఇంట్లో పుట్టిన మనిషిని. నాన్నగారు మిషన్ బళ్లో టీచరు. అన్నయ్య రామచంద్రపురంలో కాలేజీ ఆఫీసు ఉద్యోగి. మా ఇంట్లో దేవుడి తరవాత అంత నమ్మకం పెట్టుకున్నది ఒకటో తారీఖు మీదే. అలాంటిదాన్ని గడియారస్తంభం దగ్గర ఇరుకు షాపులో వాచీలూ కళ్లజోళ్లూ బాగుచేసే మనిషికి ఇచ్చి చేశారు. మనిషి మంచివాడు, పని దొంగ కాదు, చుట్ట బీడీ లేవు అన్నారు. అన్నీ నిజమే. ఒకటో తారీఖు లేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో ఆ షాపులోకి తుపాకులు వచ్చాయి. తుపాకులంటే భయపడాల్సినవేమీ కాదు. లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకులు, సీసపు గుళ్లు పేల్చేవి. మా వైపు కొబ్బరి రైతులకి ఎలకల బాధ ఎక్కువ. అవి చెట్టు మొవ్వులోనే కాపురం పెట్టి, లేత పిందెల్ని కొరికి కింద పడేస్తాయి. దింపు తీసే మనిషి ఎప్పుడో గాని చెట్టెక్కడు. కింద నిలబడి చూస్తే అంత ఎత్తున మట్టల మధ్య ఎలక ఉందో, నీడ ఉందో తెలియదు. ఒకాయన రాజమండ్రిలో కొన్న గాలి తుపాకీకి స్ప్రింగు పోతే మా ఆయన దగ్గరికి తెచ్చారు. అది బాగుపడింది. దాన్ని చూసి ఇంకొకరు తెచ్చారు. అలా బాగుచేయడం నుంచి అమ్మడం దాకా వచ్చింది.

ఆ తరవాత కలకత్తా కంపెనీ ఒకటి తుపాకీ మీద బిగించే దుర్భిణి చేస్తోందని మా ఆయన ఎక్కడో చదివి తెప్పించారు. జానెడు పొడుగు నల్ల గొట్టం. రెండు వైపులా అద్దాలు, నడిమధ్యన గురి సరిచేసుకోవడానికి రెండు మరలు, వాటికి బుల్లి మూతలు. దాంట్లోంచి చూస్తే చెట్టు మీది పిందె, పిందె తొడిమ, తొడిమ మీద చీమ కూడా కనిపించేవి. మొదట కొన్న రైతు చూసి, "ఎక్కకుండానే చెట్టెక్కించేసేరండి" అన్నాడు. ఆ మాట రాజోలు దాకా పాకింది.

తిప్పలు కూడా వెంటనే మొదలయ్యాయి. స్ప్రింగు తుపాకీ పేలినప్పుడు ముందుకీ వెనక్కీ రెండు వైపులా తంతుంది. ఆ తాపులకి దుర్భిణి జారిపోయి గురి తప్పేది. మా ఆయన పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి, బిగించే రింగుల కింద వేశారు. జారడం ఆగింది. ఇలా చేస్తే బాగుంటుందని కంపెనీకి ఉత్తరం రాస్తే జవాబు లేదు. కంపెనీ ఇచ్చిన గ్యారంటీ కాగితంలో మాత్రం గట్టిగా రాసి ఉండేది: పాడైతే మద్రాసులో ఉన్న మా రిపేరు కేంద్రానికి పంపాలి, బయటివాళ్లు గొట్టం విప్పితే గ్యారంటీ చెల్లదు. మా ఆయనకి ఆ కాగితం చాలలేదు. తన బిల్లు వెనకాల సొంత చేత్తో "ఏడాది వరకు పూచీ మాది" అని రాసి సంతకం పెట్టి ఇచ్చేవారు. అలా ఇచ్చినప్పుడల్లా నేను అద్దెకి ఎంత తక్కువవుతుందో వేళ్ల మీద లెక్కేసుకునేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు అన్నయ్య పడవ మీద కోటిపల్లి రేవు దాటి వచ్చాడు. కాలేజీ సైన్సు లాబులో సామాను చూసుకునే ఉద్యోగం ఖాళీ అవుతోందట. త్రాసులూ మైక్రోస్కోపులూ పాడైతే బాగుచేసే మనిషైతే మరీ మంచిదట.

"బావగారి పనితనానికి సరిగ్గా సరిపోతుంది. జనవరి ఆఖరికి మాటివ్వాలి. పైగా పెన్షనుంటుంది" అన్నాడు.

మా ఆయన "చూద్దామండి బావగారూ" అన్నారు. ఆ మాటకి అర్థం వద్దని. నాకు తెలుసు. అన్నయ్య వెళ్లాక నేనే తేల్చి చెప్పాను. ఈ చలికాలం గడువు. షాపు తన కాళ్ల మీద తను నిలబడితే సరే, లేదంటే తాళం వేసి రామచంద్రపురం పోదాం. ఆయన చేతిలో కళ్లజోడు పట్టుకుని దాని కమ్మీని చాలాసేపు తుడిచారు. "అలాగే" అన్నారు. ఆ ముఖం చూస్తే జాలేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

చలి పెరిగింది. దానితోపాటు ఫిర్యాదులూ పెరిగాయి.

మొదట వచ్చింది రాజోలు అవతల తోటలున్న పెద్దాయన. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, ఎంతో మర్యాద. షాపులో ఉన్నవాటిలో ఖరీదైన తుపాకీ, దానికి దుర్భిణి చలి మొదలయ్యే రోజుల్లో ఆయనే కొన్నారు. దుర్భిణిని తువ్వాల్లో పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి బస్సులో తెచ్చారు.

"పొద్దున్నే చూస్తే తెల్లగా పాలు పోసినట్టుందండి. ఎలక మాట దేవుడెరుగు, చెట్టే కనపళ్లేదు. దీనికి శుక్లాలొచ్చేసేయండి" అన్నారు.

మా ఆయన తీసుకుని గడియారస్తంభం కేసి పెట్టి చూశారు. నాకూ ఇచ్చారు. స్తంభం మీద గడియారం ముల్లు, దాని మీద వాలిన కాకి ముక్కు కూడా కనిపించాయి.

"బాగానే ఉందండి కదా" అన్నారు మా ఆయన.

"ఆయ్. ఇప్పుడు బాగానే ఉందండి. పొద్దున్న లేదు. నేనెందుకు లేనిది చెప్తానండి?"

లేనిది ఎందుకు చెప్తారో నాకు బాగా తెలుసనుకున్నాను. వాడుకున్నన్నాళ్లు వాడుకుని, కొత్తది కొట్టేయడానికి అనుకున్నాను. మా ఆయన మాత్రం ఆయనకి షాపులో ఉన్న ఇంకో దుర్భిణి ఇచ్చి పంపి, ఆయనది చెక్కపెట్టెలో కొబ్బరి పీచు కూరి మద్రాసుకి పార్సెలు చేశారు. కొన్నాళ్లకి అది తిరిగొచ్చింది. పరీక్షించాం, లోపం లేదు అని టైపు కొట్టిన కాగితం, పరీక్షించినందుకు బిల్లు దాంతోపాటు వచ్చాయి. ఈలోగా అంబాజీపేట నుంచి ఒకరు, మామిడికుదురు నుంచి ఒకరు, అందరిదీ అదే పాట. పొద్దున్న తెలుపు, షాపుకొచ్చేసరికి తేట. అన్నీ మద్రాసు వెళ్లాయి. అన్నీ లోపం లేదనే వచ్చాయి.

షాపు నడపడమంటే ఏమిటో ఆ చలికాలంలోనే నాకు తెలిసింది. వస్తువు అమ్మితే మిగిలేది చిటికెడు. అద్దె, కరెంటు, మున్సిపాలిటీ పన్ను అందులోంచే పోవాలి. ఆ మిగిలే కాస్తా ఇప్పుడు పోస్టాఫీసు పార్సెలు కిటికీలోంచి పోతోంది. పండక్కి పిల్లలకే బట్టలు తీశాం, నాకు చీర లేదు. దానికి నేనేమీ అనుకోలేదుగాని, మా ఆయన అనుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చి, సగం తిని చెయ్యి కడుక్కున్నారు.

"ఒక్క గొట్టం విప్పి చూస్తే తెలిసిపోద్ది. విప్పితే కంపెనీ గ్యారంటీ పోద్ది. ఏం చెయ్యను?" అన్నారు.

"ఏమీ చెయ్యొద్దు. అందరూ అబద్ధాలాడుతున్నారు" అన్నాను.

ఆ వారమే పెద్దాయన మళ్లీ వచ్చారు. మద్రాసు నుంచి వచ్చిన దుర్భిణి మళ్లీ మసకబారిందట. నేను ముఖం తిప్పుకుని రసీదులు సర్దుతున్నాను. ఆయన నన్ను చూసి నవ్వారు.

"అబ్బాయిగారూ, మీరే ఓసారి పొద్దున్నే మా ఇంటికి రండి. మీ కళ్లతో చూడండి. అమ్మాయిగార్ని కూడా తీసుకురండి. ఆవిడ నన్ను దొంగని చూసినట్టు చూస్తన్నారు."

నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. సరే, వచ్చి తీరతానన్నాను. అబద్ధమని తేలితే అక్కడే కడిగేద్దామని నా ఉద్దేశం.

గన్నవరం దగ్గర గోదావరి పాయ మీద కాలవని దాటించే అక్విడెక్టు వంతెన మీదుగా పోయే మొదటి బస్సెక్కాం. పొగమంచు. కండక్టరు మఫ్లరులోంచే టిక్కెట్లడిగాడు. దిగి తోటలోంచి నడుస్తుంటే కాళ్ల కింద గడ్డి తడి. ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా పైకి రాలేదు. పెద్దాయన మాకోసమే అన్నట్టు అరుగు మీద తుపాకీతో సహా కూర్చుని ఉన్నారు. దుర్భిణి ఊడదీసి ముందు నాకే ఇచ్చారు.

కన్ను ఆనించాను. ఏమీ లేదు. అంతా తెలుపు. అచ్చం ఆయన చెప్పినట్టు పాలు పోసినట్టుంది. బయట అద్దం పైట చెంగుతో తుడిచాను, పోలేదు. మసక లోపలుంది.

"మీరు చెప్పింది నిజమేనండి" అన్నాను. దుర్భిణి మా ఆయన చేతికిచ్చాను.

"ఆయ్. ముందు కాఫీ తాగండమ్మా" అన్నారాయన.

వాళ్లావిడ కాఫీ ఇచ్చి, ఓ సీసా తెచ్చి ఎండ తగిలే పిట్టగోడ మీద పెట్టారు. అప్పుడే ఎండ పడుతోంది. మనవరాలికి జడ వేయాలట. సీసాలో కొబ్బరినూనె పేరుకుని తెల్లటి ముద్దయి ఉంది. చలికాలం పొద్దున్న మా ఇంట్లోనూ అంతే, ఎండలో పెడితేనే కరుగుతుంది. మా ఆయన దుర్భిణిని కూడా ఆ సీసా పక్కనే పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని తోట కేసి చూస్తూ నిలబడ్డారు. ఆయన ఆ క్షణాన మనసులో షాపుకి తాళం వేసేస్తున్నారని నాకు తెలుస్తోంది. ఆ వీపు చూడలేక నేను సీసాని చూస్తూ కూర్చున్నాను.

నూనె అంచుల దగ్గర కరిగింది. ముద్ద చిన్నదయింది. ఊరికే చెయ్యి చాపి దుర్భిణి తీసి చూశాను. అంచుల దగ్గర కొబ్బరి మట్టలు కనిపిస్తున్నాయి. నడిమధ్యన ఇంకా తెలుపు. కాసేపాగి చూశాను. తెలుపు ఇంకా తగ్గింది. సీసాలో ముద్ద కూడా తగ్గింది.

"బాబాయిగారూ, దీనికి నూనె గాని వేస్తారాండి?" అని అడిగాను.

పెద్దాయన ముఖం వెలిగింది. "వెయ్యకుండా ఎలాగండి? ప్రతి శనివారం నా చేత్తో నేనే వేస్తాను. ఇనప్పెట్టి తాళానికి, సైకిలుకి, మోటారుకి, దీనికి. ఆ బుల్లి మూతలు తీసి ఒక్కొక్క చుక్క. మా ఉప్పుగాలికి కొబ్బరినూనె లేకపోతే ఏ వస్తువైనా ఉంటదాండి? మరి అంత పెట్టి కొన్నాం, బాగా చూసుకోవాలి కదా."

మా ఆయన వెనక్కి తిరిగారు. ముగ్గురం సీసానీ దుర్భిణినీ మార్చి మార్చి చూశాం. వారం వారం వేసిన చుక్కలు మరల సందుల్లోంచి గొట్టంలోకి దిగి, అద్దాలకి పూతలా పట్టాయి. చలికి పేరుకుంటుంది, ఎండకి కరుగుతుంది. బస్సులో మా షాపుకొచ్చేసరికి తేట. మద్రాసు ఆఫీసులో ఫ్యాను కింద చూసినవాళ్లకి చలేది, తెలుపేది.

తిరుగు బస్సులో నేను గాల్లో తేలిపోయాను. తప్పు మాది కాదు, అద్దానిది కాదు. నూనె పోసినవాళ్లది. "ఇంక ఎవరు తెచ్చినా నూనె పోశారు, గ్యారంటీ లేదు అని చెప్పేయొచ్చు. మద్రాసు పార్సెళ్లు మానేయొచ్చు. షాపు గట్టెక్కింది" అన్నాను.

మా ఆయన టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. అక్విడెక్టు దాటాక అన్నారు:

"తెచ్చినవాళ్లంతా ఇలా నూనె వేసే రకమే, చూసేవా? నిర్లక్ష్యంగా మూల పడేసినవాళ్ల దుర్భిణి బాగానే ఉంది. బాగా చూసుకున్నవాళ్లదే పాడైంది. బాగా చూసుకున్నందుకు పొమ్మని ఎలా చెప్పమంటావు?"

"మరి మనల్ని ఎవరు చూసుకుంటారు?"

"నూనె వెయ్యొద్దని నేను చెప్పలేదుగా. మా నాన్న తాళాలకీ కొబ్బరినూనే వేసేవాడు. ఈ నేల మీద పుట్టి, ఆ సంగతి నాకు తట్టొద్దా?"

నాకు ఒళ్లు మండింది. బస్సులో అందరూ వింటున్నారని కూడా చూడకుండా, జనవరి ఆఖర్న అన్నయ్య వస్తాడు, అప్పుడు ఈ నీతులు తనకి చెప్పండి అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. అమలాపురం వచ్చేదాకా మా ఇద్దరి మధ్యా ఆ పెద్దాయనిచ్చిన కొబ్బరికాయల సంచే కూర్చుంది.

మర్నాడు మా ఆయన, మాతో తెచ్చిన పెద్దాయన దుర్భిణి విప్పారు. కంపెనీ గ్యారంటీ ఆ మర తిరగడంతోనే పోయింది. ఇక మిగిలింది బిల్లు వెనకాల ఆయన రాసిన మాటే. అద్దాలు ఒక్కొక్కటీ తీసి స్పిరిట్టుతో కడిగి, వరసగా తెల్లగుడ్డ మీద పెట్టారు. నేను మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కానీ ఆయన తుడిచే గుడ్డ చూస్తే నూలు పోగులు అద్దానికి అంటుతున్నాయి. అదీ చూడలేకపోయాను. పిల్లల పాత మెత్తటి మల్లు చొక్కా చింపి తెచ్చి, ఇటివ్వండి అని లాక్కున్నాను. సాయంత్రానికి నేను తుడవడం, ఆయన బిగించడం.

అయితే శుభ్రం చేసి ఇచ్చినా శనివారం వస్తుంది, చుక్క పడుతుంది. వెయ్యొద్దని చెప్తే ఆయ్ అంటారు, ఇంటికెళ్లి వేస్తారు. నూనె వేయకుండా వదిలేయడం మావాళ్ల చేతుల వల్ల కాదు. అందుకని మరల చుట్టూ ఏదైనా పూయాలి. ఆ ఉపాయం నాది. చర్చిలో క్రిస్మస్‌కి వెలిగించిన కొవ్వొత్తుల మొదళ్లు ఓ డబ్బా నిండా ఉన్నాయి. చర్చి తుడిచే అమ్మనడిగితే, "పారేసేవే కదమ్మా, పట్టుకెళ్లండి" అంది. వాటిని కరిగించి మరల అంచుల్లో, మూతల కింద పోశాం. నూనె పైన ఎంత పోసుకున్నా లోపలికి దిగదు. మా ఆయన పరీక్షకని నూనె పోసి, ఎండలోనూ మంచులోనూ పెట్టి చూశారు. మర్నాటి పొద్దున్న దుర్భిణిలో గడియారస్తంభం ముల్లు తేటగా కనిపించింది. ఆ పొద్దు ఆయన చాలా రోజులకి టిఫిన్ పూర్తిగా తిన్నారు.

తెచ్చినవన్నీ చేసిచ్చాం. తేనివాళ్లకి కార్డు ముక్క రాసి రప్పించాం. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. షాపు నిలబడిందో లేదో మాత్రం నాకు తెలియలేదు. గల్లాపెట్టె అడుగు కనిపిస్తూనే ఉంది.

జనవరి ఆఖర్న అన్నయ్య వచ్చాడు. షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. "ఏమ్మా, ఏం తేల్చేరు?" అని నన్నే అడిగాడు. మా ఆయన వాచీలో తల దూర్చారు. నేను గడువు పెట్టాను కాబట్టి నేనే చెప్పాలి. గొంతులో మాట సిద్ధంగా ఉంది. వచ్చేస్తామనే చెప్దామనుకున్నాను.

సరిగ్గా అప్పుడే రాజోలు పెద్దాయన గుమ్మంలోకి వచ్చారు. వెనకాల ఇద్దరు మనుషులు. ఒకాయన చేతిలో గోడ గడియారం, ఇంకొకాయన దగ్గర కుట్టుమిషను తల గోనెలో కట్టి ఉంది. తమ ఊరివాళ్లే, అమలాపురంలో ఎవరి దగ్గరికెళ్లాలో తెలియక ఆగిపోయారట. తను తీసుకొచ్చారట. వాళ్లని కూర్చోబెడుతుంటే, "రామచంద్రపురం ఎప్పుడొస్తారో చెప్పమ్మా" అన్న అన్నయ్య మాట ఆయన చెవిన పడింది.

"రామచంద్రపురమా?" అన్నారు పెద్దాయన. మా ఆయన కేసి, నా కేసి చూశారు. కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "మరి ఏడాది అన్నారు కదండి. నాది మొన్ననే మళ్లీ బాగయ్యింది. ఏడాది గ్యారంటీ అంటే ఏడాది మీరిక్కడ ఉంటారనే కదండి నేననుకున్నాను."

అదేం పెద్ద మాట కాదు. ఎంతో మామూలుగా అన్నారు. కానీ నాకు ఒక్కసారిగా అర్థమైంది. నాన్నగారి ఒకటో తారీఖు కూడా ఇలాంటిదే. ఎవరో ఒకరు, ఈ మనిషి ఫలానా రోజున ఫలానా చోట ఉంటాడని నమ్మడం. అది జీతాల ఇళ్లలోనే ఉంటుందని నేనిన్నాళ్లూ అనుకున్నాను.

"అన్నయ్యా, బిల్లుల వెనకాల సంతకాలు పెట్టేసేరు. ఏడాది దాకా కదలడానికి లేదు" అన్నాను.

అన్నయ్య నవ్వాడు. కోపం వచ్చే నవ్వు కాదు. "ఏడాది తరవాతైనా కబురు చెయ్యి" అని, పడవ వేళయిందని లేచాడు. మా ఆయన వాచీలోంచి తల ఎత్తలేదు. కంటికి పెట్టుకునే భూతద్దం లోపల చెమ్మ చేరి, దాన్ని తీసి రెండుసార్లు తుడుచుకున్నారు.

ఆ ఏడాదిలో ఇంకో పది దుర్భిణులు అమ్మాం. గోడ గడియారాలు, కుట్టుమిషన్లు అంతకంటే ఎక్కువ వచ్చాయి. నా చీర కూడా వచ్చింది. మళ్లీ చలి పట్టిన ఒక పొద్దున్న పెద్దాయన తువ్వాల్లో చుట్టిన దుర్భిణితో దిగారు. మళ్లీ మసకేననుకున్నాను. తీసుకుని కన్ను ఆనించాను. తేటగా ఉంది.

"ఏమైందండి?" అన్నాను.

"ఏమీ అవలేదమ్మా. బాగానే ఉంది. గ్యారంటీ ఈ వారంతో అయిపోతంది" అంటూ మడతలు పడిన పాత బిల్లు బల్ల మీద పెట్టారు. "ఇంకో ఏడాది రాసి పెట్టండి."

మా ఆయన అప్పుడు షాపులో లేరు. నేను బిల్లు వెనక్కి తిప్పాను. ఆయన పాత సంతకం కింద "ఇంకో ఏడాది పూచీ మాది" అని రాసి, నా పేరు పెట్టి ఇచ్చాను.